మెడ వెనక ముడి

పదింటికి పిలుస్తామన్నారు. పది కొట్టి చాలాసేపయింది. 'మూడు లంగర్లు' సత్రం వెనక వంటింట్లో, బంగాళాదుంపలు తరిగే బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న డోర్కస్ హాబ్డెన్, ఆ తలుపు వైపు చూడకూడదని గట్టిగా అనుకుంది. అనుకున్న ప్రతిసారీ చూసింది. తలుపుకి అవతల పెద్దగదిలో కరోనర్ దొర, పన్నెండు మంది జ్యూరీ, డాక్టరు, ఇంకా థార్న్‌సీ ఊళ్ళో పని లేనివాళ్ళందరూ కూర్చుని, మంగళవారం పొద్దున్న ఇసకలో దొరికిన కార్బెట్ గారి భార్య ఎలా చచ్చిపోయిందో తేలుస్తున్నారు. వాళ్ళ మధ్యాహ్నం తిండికని ఇక్కడ పొయ్యి మీద పంది తొడ ఉడుకుతోంది. మూత అంచున నురగ పొంగి, నిప్పుల మీద పడి సుయ్యిమంటోంది. ఎవరో వచ్చి మూత తీసి పెట్టాలి, ఎవరూ రారు, వంటమనిషి కూడా విచారణ వినడానికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. డోర్కస్ లేచి మూత కాస్త పక్కకి జరిపి వచ్చి కూర్చుంది. ఉరితీసేలా ఉన్నా సరే, పొంగిపోయేదాన్ని చూస్తూ కూర్చోవడం ఆమెకి చేతకాదు.

కిటికీలోంచి గోడే కనిపిస్తుంది, సముద్రం కనిపించదు. వినిపిస్తుంది. గులకరాళ్ళు ఒడ్డుకి దొర్లుతున్న చప్పుడు, అంటే పోటు వస్తోంది, ఇంకో రెండు గంటలకి రాతిమెట్ల దాకా వస్తుంది, ఇదే వేళకి తన బళ్ళు నీళ్ళలో ఉండాలి, గుర్రం బిషప్ మోకాళ్ళ లోతులో నిలబడి తోక ఆడిస్తూ ఉండాలి, తను నడుం దాకా నీళ్ళలో చేతులు చాచి, బండి మెట్ల మీద వణుకుతూ నిలబడ్డ ఏ లీడ్స్ ఊరి అమ్మగారినో దింపుతూ ఉండాలి. ముప్పై ఎనిమిది వేసవులు. చక్రాల మీద చిన్న చెక్క గది, ముందు తలుపు వీధి వైపు, వెనక తలుపు సముద్రం వైపు. ఆడవాళ్ళు బట్టలతో ఎక్కుతారు, సర్జు గౌను వేసుకుని దిగుతారు, మధ్యలో వాళ్ళు ఎలా ఉంటారో దేవుడూ డోర్కసూ మాత్రమే చూస్తారు. ఇవాళ బళ్ళు నాలుగూ గోడ పక్కన వరసగా నిలబడి ఉన్నాయి, చక్రాలకి స్నానాల కమిటీవాళ్ళ గొలుసు. విచారణ తేలేదాకా అన్నారు. బిషప్‌కి ఏమీ అర్థం కాక ఉంటుంది పాపం, ఆదివారం కూడా కాదు కదా.

ఆమె జేబులో నశ్యం డబ్బా ఉంది. పైనుంచి తడిమి చూసుకుంది. ఉంది. అందులో ఇప్పుడు నశ్యం లేదు.

ఇందాక తలుపు సందులోంచి ఆయన గొంతు వినబడింది, ఆంబ్రోజ్ కార్బెట్‌ది. మంచి గొంతు, నెయ్యి రాసినట్టుండే గొంతు, దుఃఖం కూడా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతోంది. "నేను నిద్రలో ఉన్నానండీ. తెల్లవారకుండానే లేచి వెళ్ళింది. స్నానమంటే ప్రాణం దానికి. మెడ వెనక ఆ ముడి తనంతట తను వేసుకోలేదు కదండీ, ఈ ఊళ్ళో ఆడవాళ్ళకి ఆ ముడి వేసేది ఎవరో మీకే తెలుసు." తెలుసు. అందరికీ తెలుసు. పన్నెండు మంది జ్యూరీలో ఏడుగురి పెళ్ళాలకి డోర్కస్ ఆ ముడి వేసింది, ముగ్గుర్ని పసిగుడ్లుగా ఉన్నప్పుడు ముంచి లేపింది. స్నానం గౌనుకి మెడ వెనక నాడా పెట్టించింది డోర్కస్ వాళ్ళమ్మే; ముందు పెడితే ఉప్పు పట్టి గొంతు ఒరుసుకుపోతుందని. వెనక పెడితే ఎవరూ సొంతంగా వేసుకోలేరు, వేరే చెయ్యి కావాలి. ఇప్పుడు అదే మెడకి చుట్టుకుంది. నాడా కట్టి ఉంది కాబట్టి పక్కన ఇంకో మనిషి ఉంది. ఆ మనిషి డోర్కస్. ఏడు గంటలకి స్నానాల జెండా ఎత్తకముందే దొంగతనంగా దింపింది, తాగి ఉంది, చెయ్యి వదిలేసింది, పారిపోయింది. ఎంత శుభ్రంగా అల్లారు! తాగడం ఒకటి. తాగుతుంది, చిన్న గ్లాసుడు జిన్ను, ఎనిమిదింటికి ఒకటి, పన్నెండింటికి ఒకటి. ఆరు గంటలు ఉత్తర సముద్రంలో నడుం లోతున నిలబడి చూడండి బాబూ, చర్చిలో ఇచ్చే ద్రాక్షసారా చుక్కతో సరిపెట్టుకుంటారేమో చూద్దాం, అని పైకే అనబోయి ఆగింది. ఆ మాట లోపల, వాళ్ళందరి ముందూ అనాలి. లోపల అంటాను.

టిప్లేడీ గారు వచ్చి వెళ్ళి ఎంతసేపయిందో. స్నానాల కమిటీ కార్యదర్శి. లావుపాటి మనిషి, ముక్కాలిపీట ఇంకోటి లేక, పిండి డబ్బా మీద సగం కూర్చుని సగం లేచి మాట్లాడాడు.

"చూడు డోర్కస్, నువ్వు మాకు కొత్తదానివి కాదు. ఏదో పెద్ద అల వచ్చింది, చెయ్యి జారింది, భయపడి ఇంటికి పరిగెత్తావు. అంతే. ఆ ఒక్క మాట అను, ప్రమాదం అని రాసి కాగితం మడిచేస్తారు. నీ బళ్ళు నీకుంటాయి, నాది పూచీ."

"అనకపోతే?"

"అనకపోతే ఏముంది, హత్య అనే మాట ఒక్కసారి పేపర్లో పడిందంటే ఆగస్టు నెలంతా ఈ ఊరికి పిట్ట వాలదు. అప్పుడు అందరూ ఎవరి మీద పడతారు? నీమీద పడతారు."

"ఆ పొద్దున్న అలలెక్కడివండీ అయ్యగారూ? పళ్ళెంలో పోసినట్టున్నాయి నీళ్ళు."

"అలదేముంది డోర్కస్, ఎప్పుడైనా రావచ్చు. సముద్రం కదా."

"సముద్రం సంగతి మీరు నాకు చెప్తున్నారా?"

ఆయన లేచాడు. కోటు వెనక గుండ్రంగా పిండి అంటుకుంది. చెబుదామనుకుని చెప్పలేదు. అలాగే హాల్లోకి వెళ్ళాడు, ఇప్పుడు ఊరందరి ముందూ ఆ పిండితో కూర్చుని ఉంటాడు. నవ్వు వచ్చింది, ఆ నవ్వు ఆమెకి పొద్దున్నుంచి తిన్న మొదటి ముద్దలా పనికొచ్చింది.

ఒక్క మాట. చెయ్యి జారింది. ఎంతసేపు పడుతుంది అనడానికి? బళ్ళ గొలుసు తీస్తారు, వచ్చే సోమవారం నుంచి మళ్ళీ నీళ్ళలో. ఎవరూ ఏమీ అనరు, జాలిపడతారు కూడా, వయసు అయిపోయింది పాపం అంటారు, ఒక్కో అమ్మగారు ఒక్కో మాదిరిగా అంటుంది, కాని తన పిల్లని మాత్రం బండి దిగనివ్వదు. చెయ్యి జారిన డోర్కస్. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ చెయ్యి ఎవర్నీ జారవిడవలేదు. ఆ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. మధ్యవేలూ ఉంగరంవేలూ బండి గొలుసులో పోయాయి, ఇరవై రెండేళ్ళ కిందట, ఆ రోజు కూడా పైకి తీసుకొచ్చాకే తన చెయ్యి చూసుకుంది, ముందు నీళ్ళలో ఉన్న అమ్మాయిని మెట్ల మీదికి ఎక్కించింది. ఆ అమ్మాయి పేరు గుర్తు రావడం లేదు. ఎర్ర జుట్టు. అరిచింది నెత్తురు చూసి. తర్వాత చేతికి మళ్ళీ పని నేర్పించింది, ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఒక కొస బొటనవేలి మీదుగా తిప్పి జారుముడి. ఏ ముడైనా జారుముడే. ఒక్క కొస లాగితే ఊడిపోవాలి. నీళ్ళలో మనిషి బెదిరితే, గౌను అంచున కుట్టిన సీసం బిళ్ళలు కిందికి లాగుతుంటే, ఒక్క లాగుతో గౌను తీసేసి మనిషిని పైకి లేపాలి. థార్న్‌సీలో మునకలు వేయించేవాళ్ళు ఎవరూ మెడకి పీటముడి వెయ్యరు. వేసినవాళ్ళని అమ్మ అయితే చెంప పగలగొట్టేది.

అమ్మ. అమ్మ చేతులు ఉప్పుతో పగిలి, శీతాకాలంలో కూడా మానేవి కావు. ముంచే ముందు ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెప్పేది. ఊపిరి పట్టు. ప్రభువు భార్య అయినా సరే, కసాయి కూతురైనా సరే, దండం పెట్టడాలు, అమ్మగారూ అనడాలు అన్నీ బండి మెట్ల దాకానే, ఆ మాట మాత్రం ఆజ్ఞ. ఊపిరి పట్టు. తర్వాత మునక. లేచాక ముఖం మీద నీళ్ళు తుడిచి, మళ్ళీ. మూడుసార్లు. మూడోసారి లేచాక వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయంటే, అప్పుడే పుట్టినట్టు, ఎవరో తిట్టినట్టు, ఎవరో క్షమించినట్టు, అన్నీ కలిపి. డోర్కస్ కూడా అదే మాట అంటుంది. ఎన్ని వేలసార్లు అని ఉంటుంది.

లెట్టీకీ అంది. కార్బెట్ గారి భార్య, పూర్తి పేరు లెటీషియా, మొదటి రోజే "నన్ను లెట్టీ అను, ఇక్కడ ఎవరూ అలా పిలవడం లేదు" అంది. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. మొదటి రోజు మెట్ల మీద కూర్చుని పాదం ముంచి వెనక్కి లాక్కుంది, "డోర్కస్, ఇది నీళ్ళా, కత్తులా?" అంది. మూడో రోజుకి వెల్లకిలా తేలింది, చెవుల్లోకి నీళ్ళు వెళ్తున్నా నవ్వుతూ, "పట్టుకునే ఉన్నావు కదా? పట్టుకునే ఉన్నావా?" "పట్టుకోలేదమ్మా. ఎప్పుడో వదిలేశా. నువ్వే తేలుతున్నావు." అప్పుడు ఒక్కసారి బెదిరి మునిగి, దగ్గుతూ లేచి, తిట్టి, మళ్ళీ వెల్లకిలా పడుకుంది. బండిలో గౌను మారుస్తుంటే జబ్బ మీద నాలుగు వేళ్ళ గుర్తులు, పండిపోయిన రేగుపళ్ళ రంగు. డోర్కస్ అడగలేదు. అడిగితే తలుపు అంటారు, మెట్లు అంటారు. నీళ్ళలో నడుం దాకా దిగాక వాళ్ళంతట వాళ్ళే చెప్తారు, ఒడ్డు దూరంగా ఉంటుంది, గొంతు అలల్లో కలిసిపోతుంది, ఎదురుగా ఉన్న ముసలిది రేపటికి ఎవరో ఎవరికి తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్ని విన్నదో. ఎవరికీ చెప్పలేదు. సముద్రం ఎంత చెప్పిందో అంతే చెప్పింది.

సోమవారం లెట్టీ చెప్పింది. "నేను వెళ్ళిపోతున్నా డోర్కస్. బ్రిస్టల్లో మా అక్క దగ్గరికి. దిండు కింద చీటీ పెట్టి వెళ్ళిపోతా."

"చీటీ ఎందుకు? దొంగలాగా? ముఖం మీదే చెప్పు. నువ్వేం తప్పు చేశావు?"

"నీలాగా అనగలనా ఏంటి?"

"ఎందుకు అనలేవు? ఊపిరి పట్టు, అను."

అంది. మొగుడితో అనే ఉంటుంది. డోర్కస్ మాటకి ఎంత పొంగిపోయిందో, బండి దిగుతూ వెనక్కి తిరిగి, బుగ్గలు ఉబ్బించి, ఊపిరి బిగబట్టి చూపించింది, చిన్నపిల్లలా. అదే ఆఖరిసారి. మర్నాడు ఆరింటికి రొయ్యలు పట్టేవాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. ముఖం మీదే చెప్పు అన్నది నేను. చీటీ పెట్టి వెళ్ళి ఉంటే ఈపాటికి బ్రిస్టల్లో టీ తాగుతూ ఉండేది. ఈ మూడు రోజులూ డోర్కస్ ఈ ఆలోచన దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్ళింది, వచ్చి వెళ్ళింది. ఇప్పుడు వెళ్ళలేదు, నిలబడింది. అవును, నేనే అన్నాను. చెయ్యి జారింది అని లోపలికి వెళ్ళి చెప్తే, అది అబద్ధమేనా? కాదేమో. ఒక లెక్కన జారింది. కానీ జారడం వేరు, మెడ పట్టి ముంచడం వేరు. నా తప్పు నేను మోస్తా, మోస్తూనే ఉంటా, చచ్చేదాకా. ఆయన తప్పు కూడా నా మూడు వేళ్ళలో పెట్టి మొయ్యమంటే మాత్రం మొయ్యను. మీ బళ్ళు మీరే ఉంచుకోండి టిప్లేడీ గారూ. కోటు దులుపుకోండి ముందు.

శవాన్ని కడిగింది కూడా తనే. ఊళ్ళో మునిగిపోయిన ఆడవాళ్ళని కడిగేది ఆమే, ఇంకెవరు కడుగుతారు, డాక్టరు చూసి వెళ్ళాక పిలిచారు. అప్పటికి ఎవరికీ ఆమె మీద అనుమానం రాలేదు, లేకపోతే పిలిచేవాళ్ళు కాదు. గౌను తనదే, నాలుగో నంబరు బండిలోది, ఎర్ర దారంతో నాలుగు అంకె కుట్టి ఉంది. వెనక్కి తిప్పి చూస్తే మెడ మీద రెండు గుర్తులు, జుట్టు కింద. గులకరాళ్ళు తగిలినవి, అన్నాడట డాక్టరు. రెండే రాళ్ళు, రెండు బొటనవేళ్ళంత రాళ్ళు, సరిగ్గా పక్కపక్కన. ఆ పైన నాడా ముడి. డోర్కస్ చెయ్యి అలవాటుగా కొస పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకో కొస లాగింది. అదీ రాలేదు. వంగి చూసింది. రెండు చుట్లు, బిగించి పీటముడి, దాని మీద ఒక ఉచ్చు, వేలు పట్టేంత, ఉచ్చు మొదట్లో మళ్ళీ ఇంకో చిన్న ముడి, ఉచ్చు జారకుండా. ఎంత పొందిగ్గా ఉందో. అలాంటి ముడి ఆమె పనిలో లేదు, జాలర్ల పనిలో లేదు, గుర్రాల పనిలో లేదు. విప్పలేదు. కత్తెర తీసి అటు కొంచెం ఇటు కొంచెం నాడా కత్తిరించి, ముడిని అలాగే నశ్యం డబ్బాలో పెట్టుకుంది. కానిస్టేబుల్ జెస్సప్ గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు, "ఏంటి పెద్దమ్మా, కోస్తున్నావు?" అన్నాడు. "ముడి రావట్లేదు నాయనా. చూస్తావా?" "అబ్బే, నేనెందుకు!" అన్నాడు, కానీ చూశాడు, ఒక్క చూపు, చెవులు ఎర్రబడి. చూశాడు కదా. అది చాలు.

ఒకటి మాత్రం ఆమెని తినేస్తోంది. ఆ ముడి వెయ్యాలంటే లెట్టీ తల వంచి ఉండాలి. జుట్టు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, మెడ చాపి, నిశ్చలంగా. లెట్టీ తల ఎలా వంచేదో డోర్కస్‌కి తెలుసు, మెడ మీద సన్నని నూగు, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. ఆ పొద్దున్న ఇంకెవరికో అలా వంచింది. పద, నేనే తీసుకెళ్తా, ఆఖరి స్నానం, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు వెళ్ళు, అని ఉంటాడు కార్బెట్. నమ్మింది. ముఖం మీద చెప్పేశాక ఎంత తేలిగ్గా అనిపించి ఉంటుందో, ఆ తేలికలో నమ్మింది.

డోర్కస్ కుడిచెయ్యి ఒళ్ళో దురద పెట్టింది. లేని వేలు. వాన వచ్చే ముందు ఇలాగే ఉంటుంది, లేని మధ్యవేలు, దాని మొదటి కణుపు దగ్గర. వాన ఛాయలు లేవు బయట. మామూలు దురద కూడా కాదు, కోత, సన్నగా, దారం కోసినట్టు. ఏం గుర్తొచ్చింది ఈ వేలికి? దారం. వేలికి దారం, కింద బరువు, నడుస్తుంటే ఊగే బరువు. కొండ అంచున దారి, ఎడమ పక్క సముద్రం, గాలి, అమ్మ ముందు నడుస్తోంది, తనకి పంతొమ్మిదేళ్ళు. బెవర్టన్ సంత నుంచి ఏడు మైళ్ళు. పెళ్ళి గౌనుకి బూడిదరంగు బట్ట, తర్వాత కూడా ఆదివారాలు కట్టుకోవచ్చని అమ్మ బూడిదరంగే తీసింది, తను నీలం కావాలని ముఖం మాడ్చుకుంది. కొట్టువాడు, జుట్టుకి నూనె రాసుకున్నవాడు, బట్ట గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం రెండు చుట్లు తిప్పి, బిగించి, చిటికెలో ఉచ్చు వేసి, తన చెయ్యి పట్టుకుని, అవును, అమ్మ చూడకుండా చెయ్యి పట్టుకుని, ఆ ఉచ్చులోకి వేలు దూర్చాడు. "ఇలా పట్టుకోండి పెళ్ళికూతురుగారూ, లండన్ దాకా వెళ్ళినా ఊడదు." ఏడు మైళ్ళు. ఒక్కో వేలికీ వంతులు వేసి మోసింది. మధ్యవేలికి అన్నిటికంటే ఎక్కువ కోసింది.

ఆమె కళ్ళు మూసుకుంది. గులకరాళ్ళు దొర్లుతున్నాయి. లెట్టీ వెల్లకిలా తేలుతోంది, ఆకాశంతో మాట్లాడుతున్నట్టు, "నేనిది చెప్పకూడదు డోర్కస్. ఎవరికైనా చెప్తే ఆయన చంపేస్తారు. మొదటిసారి చూసినప్పుడు ఆయన బట్టల కొట్లో, బల్లకి అవతల. తొమ్మిది గజాల పాప్లిన్ కొలిచి పది ఇచ్చారు. పొట్లం కడుతుంటే ఆ చేతులు చూసే మనసు పారేసుకున్నా తెలుసా! ఇప్పుడేమో పుట్టుకతోనే దొర అంటారు, కొట్టు పేరెత్తనివ్వరు." చంపేస్తారు అంది, నవ్వుతూ. అందరూ అంటారు అలాగే.

డోర్కస్ కళ్ళు తెరిచింది. ఎదురుగా బల్ల మీద లెట్టీ బట్టలు, ఆ పొద్దున్న నాలుగో నంబరు బండిలో దొరికినవి. ఊదారంగు గౌను, మేజోళ్ళు, బొత్తాల బూట్లు. జ్యూరీకి చూపించడానికి డోర్కసే మడతపెట్టి గోధుమరంగు కాగితంలో చుట్టింది, దారం పళ్ళతో పట్టి జారుముడి వేసింది. లోపల గొంతులు సద్దుమణిగాయి. కుర్చీ జరిగిన చప్పుడు. "బట్టలు ఆవిడవేనా అని కార్బెట్ గారికి చూపించి తీసుకురండి" అని ఎవరో అన్నారు. అడుగులు ఇటే. ఆమె చెయ్యి చాచి, పొట్లం దారం కొస పట్టుకుని, ఒక్క లాగు లాగింది. ఊడిపోయింది.

జెస్సప్ ముందు వచ్చాడు, వెనక కార్బెట్. నల్ల కోటు, నల్ల చేతితొడుగులు, టోపీ చేతిలో. వంటింటి వాసనకి ముక్కు దగ్గరికి రుమాలు తెచ్చుకున్నాడు. డోర్కస్ లేవలేదు.

"ఇవేనాండీ?" అన్నాడు జెస్సప్. కార్బెట్ కాగితం పొర ఒకటి ఎత్తి, ఊదారంగు చూసి, "ఇవే" అన్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా. ఏమో, నిజంగానే చెమర్చాయేమో. ఆమెకి అక్కర్లేదు.

"కట్టు నాయనా, జారిపోతున్నాయి," అంది జెస్సప్‌తో. "నాకీ మొండిచేత్తో నిలవట్లేదు."

జెస్సప్ కట్టాడు. అవి వలలు లాగిన చేతులు. దారం ఒక పక్క బిగిస్తే ఇంకో పక్క బూటు బయటికి వచ్చింది. బూటు లోపలికి తోస్తే కాగితం చిరిగింది.

"నీకేమైనా చేతనవుతుందటయ్యా? ఊరంతా చూస్తారు, సంతలో చేపలు చుట్టినట్టుంది. ఆ తల్లి మేజోళ్ళు అందరి ముందూ కింద పడాలా?"

"ఉండు పెద్దమ్మా, కంగారుపెట్టకు, పడుతోందిగా..."

"ఏం పడుతోంది? నడుం పట్టని గౌనులా ఉంది."

దారం మళ్ళీ జారింది. కార్బెట్ ముఖంలో చిన్న కదలిక. డోర్కస్ చూసింది. ఆమె ఆ కదలికని ఎరుగును, నీళ్ళలో ఎవరైనా పసిదాన్ని తప్పుగా పట్టుకుంటే తన ముఖంలోనూ అదే వస్తుంది, ఏళ్ళ తరబడి ఒక పని చేసిన చేతికి ఆ పని పాడవడం కంటితో చూడటం కష్టం. ఊపిరి బిగబట్టింది. తనే.

"ఇటివ్వవయ్యా!" అన్నాడు కార్బెట్. టోపీ బల్ల మీద పెట్టాడు. తొడుగులు ఒకదాని తర్వాత ఒకటి లాగాడు. బట్టలు అరచేత్తో ఒక్కసారి చదును చేసి, కాగితం అంచులు లోపలికి మడిచి, మూలలు నొక్కి, దారం అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు చుట్లు, బిగింపు. చేతులు తెల్లగా, అందంగా ఉన్నాయి. లెట్టీ చెప్పింది నిజమే. మనసు పారేసుకునే చేతులే. బొటనవేలి మీద దారం తిరిగి ఉచ్చు అయింది, ఉచ్చు మొదట్లో చిన్న ముడి పడింది. మిగిలిన దారం వేలికి ఒక మెలిక వేసి టప్‌మని తెంపాడు, కత్తెర లేకుండా. ఉచ్చులో వేలు పెట్టి పొట్లాన్ని బల్ల మీంచి జానెడు పైకెత్తి, బరువు చూసి, దింపాడు. అప్పుడు తొడుగుల కోసం చూసుకున్నాడు.

పొయ్యి మీద పంది తొడ కుతకుతమంది. జెస్సప్ ఆ ముడి వైపు చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. మెల్లగా అతని చెవులు ఎర్రబడటం మొదలుపెట్టాయి, మంగళవారం ఎర్రబడినట్టే. డోర్కస్ జేబులోంచి నశ్యం డబ్బా తీసి, మూత తీసి, పొట్లం పక్కన బల్ల మీద పెట్టింది. అందులో తెల్ల నాడా ముక్క, దాని మీద చిన్న ఉచ్చు, ఉప్పు పట్టి గట్టిపడి, విప్పడానికి వీల్లేకుండా, పొందిగ్గా.

కార్బెట్ చూశాడు. మొదట డబ్బా వైపు, తర్వాత పొట్లం వైపు, ఆఖరికి తన చేతుల వైపు. ఒక తొడుగు వేసుకున్నాడు, రెండోది సగంలో ఉంది.

"ఎవరైనా... ఎవరైనా వేస్తారు అలాంటి ముడి," అన్నాడు. గొంతులో ఆ నెయ్యి లేదు.

"నేను వెయ్యలేనండీ," అంది డోర్కస్, కుడిచెయ్యి ఎత్తి చూపించి. "అడగండి, ఈ ఊళ్ళో ఎవరు వేస్తారో. జారుముడి తప్ప మెడకి ఇంకోటి వేసే ఆడది థార్న్‌సీలో ఒక్కర్తి ఉందేమో చూపించండి. బట్టల కొట్లో ఎన్నేళ్ళు చేశారు? పదా, పదిహేనా? ఆవిడ చెప్పింది లెండి నాకు, మంచి చేతులని."

"జెస్సప్! ఈ ముసలిదాని నోరు..."

"అక్కడే ఉండండి అయ్యా," అన్నాడు జెస్సప్. అతని గొంతు కొత్తగా ఉంది, అతనికే కొత్తగా ఉన్నట్టుంది. వెళ్ళి వీధి వైపు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

పెద్దగది తలుపు తెరుచుకుంది. టిప్లేడీ తల లోపలికి వచ్చింది. "డోర్కస్ హాబ్డెన్! పిలుస్తున్నారు. పద, పద." దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "అల. గుర్తుందిగా? పెద్ద అల," అన్నాడు.

"గుర్తుంది," అంది ఆమె. "మీ కోటుకి పిండి అంటుకుంది."

లేచింది. మోకాళ్ళు పట్టేశాయి, నీళ్ళలో కంటే నేల మీద ఎప్పుడూ ఎక్కువే నొప్పి. డబ్బా మూసి జేబులో వేసుకుంది. పొట్లం ఉచ్చులోకి కుడిచేతి చూపుడువేలు దూర్చి ఎత్తింది. సరిగ్గా పట్టింది, ఊగింది, ఊడలేదు. పక్కన లేని వేలు ఒక్కసారి గుచ్చి ఊరుకుంది. తలుపు అవతల అన్ని ముఖాలూ ఇటే తిరిగి ఉన్నాయి, కరోనర్ దొర కలం సిరాలో ముంచుతున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆమె వెనక్కి తిరిగింది. కార్బెట్ అలాగే నిలబడి ఉన్నాడు, ఒక చేతికి తొడుగు, ఒక చేతికి సగం. ఆయన ముఖం మీదికే చూసి, ముప్పై ఎనిమిదేళ్ళుగా చెప్తున్న గొంతుతోనే, మెట్ల దగ్గర మర్యాదలన్నీ వదిలేసి చెప్పే ఆ గొంతుతోనే అంది:

"ఊపిరి పట్టు."